మాట్లాడినా అద్దే, మాట్లాడకపోయినా అద్దే!

ఇల్లు అద్దెకు తీసుకుంటాం. పొలం కౌలుకు తీసుకుంటాం. పెళ్ళిసామాను కిరాయికి తెస్తాం. కాని టెలిఫోను దారిని అద్దెకు తీసుకునేవారు కూడా వున్నారంటే మా ఆవిడ నమ్మలేదు. "మాట్లాడినంతసేపటికి డబ్బిస్తే చాలదుటండీ?" అన్నది. సబబైన ప్రశ్నే!

మామూలు టెలిఫోనులో మనం నంబరు తిప్పినప్పుడు ఎక్స్ఛేంజి అప్పటికప్పుడు మనకో దారి కలుపుతుంది. మాట ముగియగానే విడదీస్తుంది. పండుగనాడు అందరూ ఒక్కసారే పిలిస్తే దారి దొరకకపోనూవచ్చు. ఇది సర్వీసు బస్సు వంటిది. లీజు లైను అట్లా కాదు. అది సొంతానికి మాట్లాడుకున్న కారు. రెండు చోట్లు ముందే నిర్ణయమై వుంటాయి. నంబరు తిప్పే పనిలేదు. దూరాన్నిబట్టీ, మోయగల బరువునుబట్టీ అద్దె. పూర్వం వార్తాసంస్థలు తపాలా తంతిశాఖవద్ద యిట్టి లైన్లు తీసుకునే పత్రికాఫీసులలో టెలిప్రింటర్లు నడిపాయి.

మాటను అంకెలుగా మార్చడం నేర్చాక దీని శక్తి పెరిగింది. కంఠస్వరాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో వ్రాస్తారు. అంటే ఒక్క సంభాషణకు సెకనుకు 64,000 బిట్లు. అటువంటి 32 పాయలు కలిస్తే రెండు మెగాబిట్ల లైను. రెండు పాయలు వేళ కుదర్చడానికీ, సంజ్ఞలకూ పోగా, 30 మంది ఏకకాలంలో మాట్లాడుకోవచ్చు. ఆ పాయలలోనే మాటకు బదులు లెక్కల పద్దులూ పంపవచ్చు. తీగకు రెండూ ఒకటే!

దీని ఫలితం మనమంతా అనుభవించినదే. ఒకప్పుడు ఒక్కొక్క రైల్వే రిజర్వేషను కేంద్రానికి దాని కంప్యూటరు, దాని పద్దులు దానివి. 1994 సెప్టెంబరులో 'కన్సర్ట్' అనే కొత్త ఏర్పాటు మొట్టమొదట మన సికింద్రాబాదులోనే మొదలైంది. 1999 నాటికి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ లీజు లైన్లతో ఏకమైనవి. కాజీపేటలో నిలబడి ఢిల్లీనుంచి తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు కొనగలిగామంటే అందుకే.

అయితే తీగ తెగితే? ఒకసారి ఒక స్టేషనులో నా ముందున్న పెద్దాయన, భార్య వైద్యానికి వేలూరు వెళ్ళాలని తెల్లవారుజామునే వచ్చి నిలబడ్డాడు. ఆయన వంతు రాగానే "లింకు పోయిందండీ" అన్నాడు గుమాస్తా. గంటన్నర తర్వాత లింకు వచ్చింది, బెర్తులు అయిపోయినవి. లైను విలువ అది వున్నప్పటికంటె లేనప్పుడే తెలుస్తుంది.

అందుకనే బ్యాంకులు, పెద్ద ఆసుపత్రులు, కంపెనీలు రెండో లైను కూడా తీసుకుంటాయి. ఇక్కడొక మెలిక వున్నది. రెండు లైన్లూ ఒకే కందకంలో పోతే ఒక్క గునపం పోటుకు రెండూ పోతాయి! దారులు వేరైతేనే రెండో అద్దెకు అర్థం. తెగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారో కాగితంమీద వ్రాయించుకోవడమూ ముఖ్యమే. ఇంటి బ్రాడ్‌బ్యాండును పదిమందీ పంచుకుంటారు గనుక చౌక. లీజు లైనులో రానూ పోనూ వేగం సమానం, మనకే ప్రత్యేకం, గనుక ఖరీదు. 2005లో ట్రాయ్ సంస్థ దేశీయ లీజు లైన్ల గరిష్ఠ ధరలను తగ్గించింది.

మా హనుమకొండ దగ్గర మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సయెంట్ కంపెనీలు కార్యాలయాలు తెరిచాయి. మా కాలేజీ పిల్లలు ఉద్యోగానికి ఊరు విడిచి పోనక్కరలేకుండా యిక్కడే కూర్చుని దూరదేశాల పని చేయాలంటే, రోడ్డూ కరెంటూ ఎంత అవసరమో, తెగని లైనూ అంత అవసరం.

రోడ్డు పక్కన కేబులు గుర్తురాళ్ళు పాతి వుంటాయి, చూసే వుంటారు. వాటి దగ్గర ఎవరైనా గొయ్యి తవ్వుతూంటే ఒక్క నిమిషం ఆగి, "నాయనా, కింద కేబులున్నది, చూసి తవ్వు" అని చెప్పండి. ఎవరి టిక్కెట్టో, ఎవరి జీతమో ఆ దారినే వస్తూ వుంటుంది.