149 రూపాయల కనెక్షన్‌కు లెక్క రాసేదెక్కడ?

అనంతపురం జిల్లా గుమ్మఘట్టలో కరెంటు పోయి వచ్చిందనుకోండి. ఇళ్లలోని ఇంటర్నెట్ పెట్టెలన్నీ ఒక్కసారే లేచి లాగిన్ అడుగుతాయి. ఆ మాట వినేది బ్రాడ్‌బ్యాండ్ గేట్‌వే. ఈ ఇల్లెవరిది, డబ్బు కట్టారా, ఎంత వేగం ఇవ్వాలి అన్నది అది రేడియస్ సర్వరును అడిగి తెలుసుకుంటుంది. రేడియస్‌లో ప్రశ్నకు వేసే నంబరుకు 8 బిట్లే చోటు. కాబట్టి ఒక పోర్టు నుంచి ఒకేసారి జవాబు కోసం నిలబడగలిగినవి 256 ప్రశ్నలే. 2,000 ఇళ్లు కలిసి తలుపు తడితే, అదనపు పోర్టులు తెరవకపోతే, 1,744 ఇళ్లు ఆగాల్సిందే.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ సేవ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడంతో ఖర్చు తగ్గింది. ఇంత తక్కువ ధరకు సేవ ఇచ్చే ఎవరికైనా, ఊరికో పెద్ద గేట్‌వే పెట్టి, ఒక్కోదానిలో విడివిడిగా చందాదారుల పట్టిక నడపడం మోయలేని బరువు.

వర్చువల్ గేట్‌వే ఈ బరువునే దించుతుంది. గేట్‌వే పని మామూలు సర్వర్ల మీద నడిచే సాఫ్ట్‌వేర్ అవుతుంది. లాగిన్, చిరునామాలు, లెక్కలు ఒకచోట చేరతాయి. డేటాను మోసే పని మాత్రం ఊరికి దగ్గర్లోనే ఉంటుంది. ఈ విభజనకు బ్రాడ్‌బ్యాండ్ ఫోరం 2020లో టీఆర్-459 పేరుతో ప్రమాణం ఇచ్చింది.

చిరునామాల సంగతే చూడండి. పది గేట్‌వేలకు తలా 4,096 ఐపీ చిరునామాలు పంచితే, ఒకచోట అయిపోతాయి, ఇంకోచోట ఖాళీగా పడుంటాయి. ఒకరి బోరు ఎండి పక్క చేని బోరు పోస్తుండటం అనంతపురం రైతుకు కొత్త కాదు. బోర్లను పైపులతో కలిపి నీళ్లు పంచుకున్న రైతులూ ఉమ్మడి జిల్లాలో ఉన్నారు. 40,960 చిరునామాలనూ ఒకే నిల్వగా పెట్టి, అడిగినచోటికి ఇవ్వడం అలాంటిదే.

లాగిన్, లెక్కలు చూసే కేంద్రం దూరమైతే ఆలస్యం కాదా? ఫైబర్‌లో వెలుగు కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. 900 కిలోమీటర్ల ఫైబర్ దారికి రానూపోనూ 9 మిల్లీసెకన్లు. లాగిన్‌కు అది లెక్కలోకి రాదు. ప్రతి వీడియో కాల్ డేటానూ అంతదూరం తిప్పితే మాత్రం ప్రతి మాటకూ ఆ 9 మిల్లీసెకన్లు చేరతాయి. అందుకే లెక్క దూరాన ఉన్నా పర్వాలేదు, డేటా దారి దగ్గరుండాలి.

లెక్క ఒకచోటికి చేరితే దానిలో తప్పు కూడా రాష్ట్రమంతా పాకుతుంది. రేడియస్‌లో వాడకాన్ని కొలిచే అంకెకు 32 బిట్లే. 4,29,49,67,296 బైట్లు, అంటే దాదాపు 4.3 జీబీ, దాటగానే అది మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఎన్నిసార్లు తిరిగిందో చెప్పే గిగావర్డ్స్ అనే గడిని 2000లో చేర్చారు. ఆ గడి చదవని బిల్లింగ్, 6 జీబీ వాడిన ఇంటికి 1.7 జీబీ రాస్తుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. కేంద్రం పలకకపోయినా, అప్పటికే నడుస్తున్న కనెక్షన్ తెగకూడదు. కేంద్రాలు కనీసం రెండు, వేర్వేరు నగరాల్లో ఉండాలి. టెండరు రాసేటప్పుడే ఈ రెండు షరతులూ పెట్టించుకోవాలి.