పైకి జారాలి, కిందికి జారకూడదు: స్కీలతో కొండెక్కడం ఎలా?

ఈ వారం ఎపిసోడ్‌లో యూరప్ నుంచి ఒక తమ్ముడి ప్రశ్న విన్నారు కదా. స్కీ రిసార్ట్ కిచెన్‌లో పని తనది. "అన్నా, కొందరు లిఫ్ట్ ఎక్కకుండా స్కీలతోనే కొండ మీదికి నడిచి పోతున్నారు. వెనక్కి జారరేంటి?" అన్నాడు. ఎపిసోడ్‌లో టైమ్ చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేనుండేది సుంగై సుమున్‌లో. చుట్టూ కొబ్బరి, పామాయిల్ తోటలే. మంచు చూసింది ఫోన్‌లోనే. కానీ ఐటీఐలో ఫిట్టర్ చేసినవాణ్ణి, ఆ మెకానిజం చూడగానే మన సైట్ గుర్తొచ్చింది.

స్కీ అడుగు నున్నగా ఉంటుంది. ఎక్కేటప్పుడు దానికి ఒక పట్టీ అతికిస్తారు, పేరు స్కిన్. పూర్వం సీల్ అనే సముద్ర జంతువు తోలు వాడేవారు. ఇప్పుడు నైలాన్, లేదా అంగోరా మేక బొచ్చు. ఆ బొచ్చు అంతా వెనక్కి వాలి ఉంటుంది. పిల్లిని తల నుంచి తోకకి నిమిరితే మెత్తగా ఉంటుంది, ఎదురు నిమిరితే అడ్డం పడుతుంది కదా, ఇదీ అంతే. ముందుకి జరిపితే జారుతుంది. వెనక్కి జారబోతే బొచ్చు లేచి మంచుని పట్టేస్తుంది.

పట్టీని స్కీ ఆకారానికి కత్తిరించాలి. రెండు పక్కలా స్టీల్ అంచు మాత్రం బయటికి కనబడాలి. గట్టి మంచులో కరిచి పట్టేది ఆ అంచే.

రెండో మార్పు బైండింగ్, అంటే బూటుని స్కీకి బిగించే భాగం. ఎక్కేటప్పుడు బూటు ముందు భాగమే బిగిసి ఉంటుంది, మడమ లేస్తుంది. పైకెళ్లాక స్కిన్ పీకేసి, మడమ లాక్ చేసి దిగుతారు. పాత స్కీకి ఈ బైండింగ్ పెట్టాలంటే కొత్తగా డ్రిల్ చేయాలి. అది షాపు వాళ్లకే వదిలేయండి. పాత రంధ్రం పక్కనే మళ్లీ డ్రిల్ చేస్తే స్క్రూ పట్టు ఉండదని మనకి తెలియనిది కాదు.

మన రోప్ గ్రాబ్ కూడా ఇదే పని చేస్తుంది. లైఫ్‌లైన్ మీద పైకి మనతో పాటు జరుగుతుంది, పడితే తాడుని పట్టేస్తుంది. ఒకసారి మా సైట్‌లో ఒక కుర్రాడు దాన్ని తలకిందులుగా తగిలించాడు. దాని మీద పైకి చూపించే బాణం గుర్తు ఉంది, చూసుకోలేదు. ఎక్కకముందే లాగి చూశాం కాబట్టి సరిపోయింది. తాడు సర్రున జారిపోయింది. ఆ రోజు నుంచి లాగి చూడందే ఎవర్నీ ఎక్కనివ్వను.

తమ్ముడూ, నీకొక మాట. డ్యూటీ దిగాక సరదాగా ఎక్కుదాం అనిపిస్తే ముందు రిసార్ట్ వాళ్లని అడుగు. ఎక్కే దారి, టైమ్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, కొన్ని చోట్ల పాస్ కూడా కావాలి. దారి పక్కనే నడువు, మధ్యలో వద్దు. మూసేసిన దారిలో రాత్రి అస్సలు వద్దు. అప్పుడు మంచు చదును చేసే బండ్లు తిరుగుతాయి. నిటారు వాలుల్లో వాటిని వించ్ కేబుల్‌తో పైనుంచి కట్టి నడుపుతారు. ఆ కేబుల్ వందల మీటర్లు ఉంటుంది, చీకట్లో కనబడదు, మంచులో పడి ఉన్నది ఒక్కసారిగా బిగిసి లేస్తుంది. క్రేన్ కింద నిలబడవద్దని రోజూ చెప్పేది ఎందుకో, ఇదీ అందుకే.

మీ పనిలో ఇలా ఒక వైపే జారే సామాను ఇంకేమన్నా ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.