ఇరుకు స్నానాల గదికి కొత్త కళ

పెనుకొండలో ఓ పాత మిద్దె. వెనక వసారాలో ఓ మూలకి స్నానాల గది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పొగచూరిన గోడ, రాగి అండా, నాచు పట్టిన తాడిపత్రి బండ. అవ్వ లోపలికెళితే తిరిగొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ గుండె దడే!

హిందూపురం, ధర్మవరంలోనూ పాత ఇళ్లలో ఇదే వరస. గది పెంచే వీల్లేదు. అలాగని వదిలేయనూ లేం. మరేం చేయాలి?

ముందు కింద... తర్వాతే పైన

చాలామంది మొదట టైల్స్ కొట్టుకి పరిగెడతారు. కానీ పని మొదలెట్టాల్సింది నేల కింద. తుప్పు పట్టిన ఇనుప పైపులు తీయించి, వేడినీళ్లకు సీపీవీసీ వేయించండి. నేల వాలు అడుగుకి పావు అంగుళం చొప్పున తూము వైపు ఉండాలి. వాటర్ ప్రూఫింగ్ చేశాక ఒకట్రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడండి. చెమ్మ కనిపించకపోతేనే టైల్స్ పరచాలి. నేలకి గరుకువే మేలు.

ధర్మవరంలో మగ్గం గుంట పక్క గదిలోనే ఉంటే ఈ పరీక్ష అస్సలు మానొద్దు. గోడలో దిగిన చెమ్మ పట్టుపోగుకి చేటు.

బిందెల లెక్క

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన సీమ ఇది. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి పది లీటర్లు ఒంపేస్తే, రెండు మీటలున్న కొత్తది మూడు లేదా ఆరు లీటర్లతో సరిపెడుతుంది. నలుగురున్న ఇంట్లో రోజుకి 20 సార్లు వాడతారనుకుంటే... వందకు పైగా లీటర్లు మిగిలినట్టే. ఏడెనిమిది బిందెలన్నమాట!

ఇవి మరవొద్దు

* తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే అడ్డుపడదు.
* మట్టి గోడకి పెద్ద గీజర్ వద్దు. 15 లీటర్లదైతే నీళ్లతో కలిపి పాతిక కిలోలు తూగుతుంది. ఎర్తింగ్ తప్పనిసరి.
* ఇరుకు గదిలో గ్యాస్ గీజర్ ప్రాణాంతకం.
* పొయ్యి తీసేశాక పొగ గూటిని పూడ్చకండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి అంతకంటే మంచి చోటు దొరకదు.
* గోడకి రెండు పట్టుకమ్ములు బిగించండి.

ఖరీదైన షవర్ కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు. ఆ కమ్మి పట్టుకుని అవ్వ నింపాదిగా బయటికొస్తే చాలు... పెట్టిన ఖర్చు గిట్టుబాటైనట్టే!