తొక్కుడుబిళ్ళ మానిపించకండి!

కిందటేడు నాకు తల తిరుగుడు వచ్చింది. మంచంమీద పక్కకి ఒత్తిగిలితే చాలు, గదంతా గిర్రున తిరిగేది. ఆ రోజుల్లోనే ఓ జాకెట్టు కత్తిరించాను. గుడ్డ చాలక రెండు చేతులూ విడివిడిగా కత్తిరించాల్సి వచ్చింది. తీరా కుట్టబోతే ఏముంది? రెండూ కుడి చేతివే! ఇరవయ్యేళ్ళుగా మిషన్ తొక్కుతున్నదాన్ని, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డాక్టరు చూసి, "లోపలి చెవిలో ఉండే సన్నని సున్నపు పలుకులు చోటు తప్పాయమ్మా" అన్నారు. బల్లమీద పడుకోబెట్టి తలని ఓ పద్ధతిగా అటూ ఇటూ తిప్పారు. రెండోసారికి తగ్గిపోయింది.

ఒక్కో చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవలయ నాళాలుంటాయి. తల ఎటు తిరిగిందో మెదడుకి కబురందించేవి అవే. ఒంటికాలిమీద పడకుండా నిలబడగలిగేది వాటివల్ల, కళ్ళవల్ల, కండరాలూ కీళ్ళూ చెప్పే సమాచారంవల్ల.

మరి జాకెట్టు చేతిని మనసులోనే తిప్పి చూసుకోవడం? అదీ ఓ శక్తే. 1971లో అమెరికాలో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్లర్ అనే శాస్త్రవేత్తలు ఘనాలతో చేసిన బొమ్మల్ని జతలుగా చూపించి, రెండూ ఒకటేనా అని అడిగారు. బొమ్మ ఎంత ఎక్కువ తిరిగి ఉంటే జవాబుకి అంత ఎక్కువ సమయం పట్టింది. అంటే మనసులోనూ నిజంగా తిప్పినట్టే తిప్పుతామన్నమాట! 2011లో వెలువడిన ఓ పరిశోధనలో, రెండు చెవుల్లోనూ ఈ తూకం చూసే భాగం దెబ్బతిన్నవాళ్ళు ఇలాంటి పరీక్షల్లో మిగతావారికంటే ఎక్కువ తడబడ్డారు. నా జాకెట్టు పాడైంది అందువల్లే అనను. కళ్ళు తిరుగుతుంటే ఎవరి మతి మాత్రం కుదురుగా ఉంటుంది? కానీ ఒంటి తూకానికీ మనసుకీ చుట్టరికం ఉందని మాత్రం తెలిసింది.

ఇదంతా ఎందుకంటే, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. రీజనింగ్‌లో ఘనాలు తిప్పే ప్రశ్నలన్నీ తప్పాయి. "ఆడపిల్లలకి ఇవి రావులెండి" అనేశారు ట్యూషన్ మాస్టారు. ఈ పరీక్షల్లో సగటున మగవాళ్ళకి ఎక్కువ మార్కులొస్తాయన్నది నిజమే. కానీ కెనడాలో 2007లో వెలువడిన పరిశోధనలో, పది గంటలు వీడియో గేమ్ ఆడాక ఆడవాళ్ళే ఎక్కువ మెరుగుపడ్డారు. జర్మనీలో 2009 నాటి పరిశోధనలో, మూడు నెలలు బంతులు ఎగరేసి పట్టడం నేర్చుకున్నవాళ్ళూ మెరుగుపడ్డారు. కాబట్టి ఇది సాధనతో వచ్చేదే.

బంతులు ఎగరేసి పట్టడమంటే మన అచ్చంగాయలే కదా! ఒంటికాలిమీద గెంతుతూ, గెంతులోనే ఒళ్ళు తిప్పి గడిలో దిగే తొక్కుడుబిళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఎదిగిన పిల్లవి, గెంతులేమిటి" అని మా అమ్మ నాచేత అవి మానిపించింది. చదువు పాడవుతుందని నా కూతురిచేత మానిపించింది నేనే!

ఇప్పుడు రోజూ సాయంత్రం డాబామీద సుద్దముక్కతో గడులు గీస్తున్నాం. మొదట సణిగిన అత్తయ్యగారే, గడులు వంకరగా ఉన్నాయని కుర్చీలోంచి దిద్దుతున్నారు. లెక్కలన్నీ వచ్చేశాయని చెప్పను. కానీ మొన్న ఘనం బొమ్మ చూస్తూ మా అమ్మాయి అరచెయ్యి గాలిలో మెల్లగా తిప్పింది. "వచ్చిందమ్మా!" అంది.

మీ ఇంట్లోనూ సుద్దముక్క ఉండే ఉంటుంది. పిల్లకివ్వండి.