నల్లమలలో కార్చిచ్చు: పుట్టుక, వ్యాప్తి

నల్లమల కొండలను ఆనుకొనియున్న గ్రామముల వారికి కార్చిచ్చు క్రొత్త విషయము కాదు. మాఘము దాటినది మొదలు తొలకరి వచ్చువరకు రాత్రివేళ కొండవాలున మంట ఎర్రని గీతవలె ప్రాకుట పెక్కుమంది చూచినదే. వెదుళ్లు రాచుకొని నిప్పు పుట్టునని పెద్దలు చెప్పుదురు. పిడుగు వలనను పుట్టవచ్చును. కాని మన దేశమున అడవి మంటలలో అధిక భాగము మనుష్యుల వలన పుట్టుచున్నవే. అట్లని నేరమంతయు మనుష్యునిపై మోపుటయు సరికాదు. ఆశ్వయుజమున పారవేసిన బీడీముక్క తడినేలపై ఆరిపోవును. చైత్రమున పారవేసినది కొండను కాల్చును. ఈ భేదమునకు కారణము పంచాయతీ సభ్యులు ఎరుగవలసి యున్నది.

నల్లమల ఆకురాల్చు అడవి. టేకు, నల్లమద్ది, తునికి మొదలగు చెట్లు వేసవిలో తమయందలి నీటిని కాపాడుకొనుటకై ఆకు రాల్చును. చెట్టుకు ఇది మేలే, కాని నేలపై ఎండుటాకు పరుపువలె పరచుకొనును. దానికి తోడు బోదగడ్డి, లాంటానా పొదలు. లావు దుంగ ఎండుటకు వారములు పట్టును. గడ్డిపోచ కొన్ని గంటలలోనే పెళుసెక్కును. మంట ముందుగా ప్రాకునది ఈ ఆకుపైన, గడ్డిపైననే. ఏటవాలున పైకి ఎగబ్రాకు మంట తన ముందున్న గడ్డిని తానే ఎండబెట్టుకొనుచు పోవును గనుక అచ్చట దాని వేగము హెచ్చు.

వానలు బాగుగ కురిసిన ఏడు అడవికి భయము లేదని తలచుట కలదు. అది సగమే నిజము. ఆ వానలకు గడ్డి ఏపుగా పెరుగును. వెనువెంట వేసవి తీవ్రమైనచో ఆ గడ్డియే మంటకు మేతయగును. వానలు తప్పిన ఏడు గడ్డి తక్కువైనను నేల ముందుగా ఎండును. దేశమున 1901 నుండి అప్పటివరకు నమోదైన మార్చి మాసములలో పగటివేడిమి సగటున మిక్కిలి హెచ్చుగా నున్నది 2022 మార్చియే. ఇప్పపూవు రాలుట, తునికాకు పనులు మొదలగుట కూడ ఇంచుమించు ఆ దినములలోనే. ఎండిన ఆకు, ముందుగా వచ్చు వేడిమి, అడవిలో జనసంచారము, ఈ మూడును ఒక్కసారి కలియుటయందే అపాయమున్నది.

పూవు ఏరుటకు వీలుగా ఇప్పచెట్టు క్రింద ఆకును తగులబెట్టుదురు. లేత ఆకు కొరకు తునికి పొదలకు, పచ్చిక కొరకు గడ్డికి నిప్పు పెట్టుదురు. ఇది ఉత్త అజ్ఞానమని త్రోసివేయుట న్యాయము కాదు. కాలిన చోట పచ్చిక లేచుట నిజమే. బూడిద కొంతకాలము ఎరువగును. అయితే ఆచ్ఛాదన లేని వాలుపై తొలి వానలు పడినప్పుడు ఆ బూడిదతో పాటు మేలిమన్నును కొట్టుకొనిపోయి క్రిందనున్న చెరువులో పూడికగును. ముదురు ఇప్పచెట్టు మంటకు ఓర్చుకొనును. దాని క్రింద మొలచిన మొక్క ఓర్వలేదు. ఏటేట కాల్చిన చోట చెట్లన్నియు ముసలివే మిగులును.

మంట పెద్దదైన పిమ్మట గ్రామము చేయగలిగినది స్వల్పము. 2014 మార్చిలో తిరుమల కొండలపై అడవి అంటుకొనినప్పుడు వాయుసేన హెలికాప్టర్లతో నీరు చల్లవలసి వచ్చినది. కావున పని ముందే జరుగవలెను. ఇప్పచెట్టు క్రింద ఆకును ఊడ్చి పాత చీరలో, వలలో పరచినచో పూవు శుభ్రముగ దొరకును. తునికి పొదలను నరికినను లేత ఆకు వచ్చును. అటవీశాఖవారు అగ్నిరేఖలు తీయునప్పుడు ఏ వాలు ముందుగా ఎండునో వారికి చెప్పగలవారు చెంచులు, గొర్రెల కాపరులు. వారిని పిలువక చేయు ఏర్పాటు కాగితముపైననే నిలుచును.

1967 నాటి అటవీ చట్టము రిజర్వు అడవిలో నిప్పు పెట్టుటను నిషేధించుచున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము హక్కుదారులున్న గ్రామసభకు అడవిని కాపాడు అధికారము నొసగినది. ఉపగ్రహములు చూచిన మంటల సమాచారమును భారత అటవీ సర్వేక్షణ సంస్థ నమోదు చేసికొన్నవారి ఫోనులకు పంపుచున్నది. పంచాయతీ తరఫున ఒకరిద్దరు నమోదు కావచ్చును. అయితే చెట్ల నీడన రగులు చిన్న మంట ఉపగ్రహమునకు కనబడకపోవచ్చును. అందులకు ఊరి మనిషే కావలెను. అట్టి కాపలాదారులు ఎవరో, మంట కనబడినచో బీటు ఆఫీసరుకు ఎవరు తెలుపవలెనో ఇప్పపూవు రాలక మునుపే, జనవరిలోపుననే, గ్రామసభలో నిర్ణయించి టముకు వేయించవలెను.