పాటకూ ఒప్పుకోలుకూ మధ్య 15 ఏళ్లు

పై గదిలో కెప్టెన్ బైబిల్ చదువుకుంటున్నాడు. కింది అరల్లో ఆఫ్రికా తీరంలో కొన్న మనుషులు, ఇద్దరిద్దరికీ కలిపి వేసిన సంకెళ్లతో పడి ఉన్నారు. 1750 నుంచి 1754 దాకా మూడు ప్రయాణాల్లో కెప్టెన్ జాన్ న్యూటన్ బతుకు ఇదే. ఆదివారాలు నావికులను పోగుచేసి ఆరాధన జరిపేవాడు. తిరుగుబాటుకు కుట్ర పన్నారన్న అనుమానంతో బందీల్లో కొందరు కుర్రాళ్ల బొటనవేళ్లను ఇనుప బిగింపులో పెట్టించానని ఓడ పుస్తకంలో తన చేత్తోనే రాసుకున్నాడు. ఆ భక్తి నటన అనుకుంటే మనకు సులువు. కానీ అది నటన కాదు.

చర్చి గడప తొక్కనివాళ్లకు కూడా తెలిసిన ‘అమేజింగ్ గ్రేస్’ రాసింది ఈయనే.

1725లో లండన్‌లో పుట్టాడు. చేతులు జోడించడం నేర్పిన తల్లి, ఆయనకు ఏడేళ్లయినా నిండకముందే పోయింది. తండ్రి ఓడ కెప్టెన్. కొడుకూ చిన్నప్పుడే ఓడెక్కాడు. యువకుడయ్యేసరికి దేవుణ్ణి నమ్మకపోగా, నమ్మేవాళ్లను వెక్కిరించేవాడు. 1748 మార్చి 21న అట్లాంటిక్‌లో ‘గ్రేహౌండ్’ ఓడ తుపానులో చిక్కుకుంది. నీళ్లు తోడితోడి ఒళ్లు హూనమైన వేళ, ఎన్నాళ్లుగానో ఎగతాళి చేసిన దేవుణ్ణే పిలిచాడు. బతికిబట్టకట్టాక ఏటా ఆ తేదీని ప్రార్థనతో గడిపాడు.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పేవాళ్లూ ఇలాగే ఒక తేదీ చెబుతారు. ఫలానా కూటంలో, ఫలానా రోజున రక్షణ పొందానని. అంతకుముందు తాగుడు, తగాదాలు. ఆ తర్వాత అంతా వెలుగు. వినేవాళ్లు హల్లెలూయ అంటారు. న్యూటన్ సాక్ష్యం అక్కడితో ఆపితే ఎంత బాగుండేదో! ఎందుకంటే బానిసల ఓడలకు ఆయన కెప్టెన్ అయ్యింది ఆ తేదీ తర్వాతే.

సముద్రం వదిలిపెట్టడానికీ మనస్సాక్షి కారణం కాదు. 1754లో హఠాత్తుగా జబ్బుచేసి స్పృహ తప్పాడు. వైద్యుల మాట మీద ఓడ దిగాడు. ఆ వ్యాపారం తప్పన్న శంక అప్పట్లో తనకు రానేలేదని తర్వాత తానే చెప్పుకున్నాడు. కొన్నాళ్లు లివర్‌పూల్ రేవులో కొలువు చేసి, 1764లో ఓల్నీ అనే ఊరికి పాస్టరుగా వెళ్లాడు. 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం ఆ పాట రాశాడు. బానిస వ్యాపారం మీద కుమిలిపోయి రాశాడని ప్రసంగాల్లో తరచూ వింటాం. దానికి ఆధారం లేదు. ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ, తన పాత్రను ఒప్పుకుంటూ చిన్న పుస్తకం అచ్చువేసింది 1788లో. ఓడ దిగిన 34 ఏళ్లకు.

లూకా సువార్తలో జక్కయ్య ఇన్నాళ్లు తీసుకోలేదు. యేసు తన ఇంట్లో అడుగుపెట్టిన రోజే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ కొలతతో చూస్తే న్యూటన్‌ది చాలా ఆలస్యం. ఆ ఆలస్యాన్ని దేవుడి ఖాతాలో వేయడం నాకు ఇష్టం లేదు. ఏకాంత ప్రార్థనలో తన పాపాలెన్నో ఒప్పుకున్న మనిషికి కాళ్లకింది అరలో పాపం కనబడలేదు. చుట్టూ ఉన్న భక్తిపరుల్లో చాలామందికీ అది తప్పనిపించలేదు మరి.

అయినా ఆ సంవత్సరాలు వృథా పోలేదు. ఓల్నీలో లేసు అల్లి పొట్టపోసుకునే పేదల గుమ్మాలెక్కాడు, పిల్లల్ని కూర్చోబెట్టి వాక్యం చెప్పాడు. కవి విలియం కూపర్ మనసు చెదిరి చావును కోరుకున్న రోజుల్లో, ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకుని కనిపెట్టుకున్నాడు. రాత్రింబగళ్లు ఒక రోగికి కాపలా ఉండటం కూడా ప్రార్థనేనంటాను. మనుషుల్ని సరుకుగా లెక్కపెట్టినవాడు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవడం నేర్చుకున్నది అక్కడే.

1785లో, తర్వాత బానిస వ్యాపారం రద్దుకోసం పోరాడిన విల్బర్‌ఫోర్స్ అనే యువ ఎంపీ రహస్యంగా కలవడానికి వచ్చాడు. కొత్తగా భక్తిలోకి వచ్చి రాజకీయాలు మానేయాలా అని ఊగిసలాడుతున్నాడు. మానొద్దన్నాడు న్యూటన్. అప్పటికే క్వేకర్లు అనే క్రైస్తవ వర్గంవాళ్లు బానిస వ్యాపారంపై గొంతెత్తారు. 1787లో లండన్‌లో దాని రద్దుకోసం ఒక కమిటీ ఏర్పడింది. ఆ ఒత్తిడి లేకుంటే న్యూటన్ నోరు విప్పేవాడా? విప్పేవాడు కాడేమో. కానీ అదే వ్యాపారం చేసిన కెప్టెన్లు ఇంకెందరో ఉన్నారు. ఓడలో ఏం జరిగేదో, ఆడవాళ్ల గతి ఏమిటో పూసగుచ్చినట్టు రాసి, పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చినవాళ్లు చాలా తక్కువ. పాస్టరుగా ఉన్న పేరు పోతుందని వెనకాడలేదు. నలభై ఏళ్లు రోజూ దేవుడి ముందు తలవంచినవాడికి మనుషుల ముందు తలవంచడం అంత కష్టమనిపించలేదని నా నమ్మకం.

బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807 మార్చి 25న ఆమోదం పొందింది. అదే ఏడాది డిసెంబరు 21న, 82 ఏళ్ల వయసులో న్యూటన్ కన్నుమూశాడు. ఆ చట్టం ఆపింది ఆ వ్యాపారాన్నే, బానిసత్వాన్ని కాదు. అప్పటికే అమ్ముడుపోయినవాళ్ల కోసం బ్రిటన్ మరో చట్టం చేసింది 1833లో.