పీఎస్‌పీ ఎమ్యులేటర్: గేమ్‌లో సౌండ్ చిటపటలాడుతోందా? తప్పు స్పీకర్‌ది కాదు.. ముందు ఈ ఒక్క అంకె చూడండి!

ఫోన్‌లో పాత పీఎస్‌పీ గేమ్ మొదలుపెట్టగానే బొమ్మ అదిరిపోతుంది. రెండు నిమిషాలు గడిచేసరికి మ్యూజిక్ సాగదీసినట్టు వినిపిస్తుంది. డైలాగులు ముక్కలు ముక్కలవుతాయి. మధ్యమధ్యలో చిటపటమని శబ్దం. వెంటనే చాలామంది సౌండ్ సెట్టింగ్స్ తెరుస్తారు. అక్కడ ఎంత తిప్పినా ఏమీ మారదు. చివరికి విసిగిపోయి యాప్‌నే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు.. దాంతో నెలల తరబడి ఆడిన గేమ్ సేవ్ కూడా ఒక్కోసారి పోతుంది. అసలు విషయం ఏంటంటే, ఈ గొడవ చాలాసార్లు సౌండ్ పేజీలో ఉండదు. గ్రాఫిక్స్ పేజీలో ఉంటుంది.

సోనీ కంపెనీ పీఎస్‌పీని 2004 డిసెంబర్‌లో జపాన్‌లో విడుదల చేసింది. 4.3 అంగుళాల తెర, 480×272 రిజల్యూషన్, గరిష్ఠంగా 333 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసర్. ఈ అంకెలు చూస్తే ఇప్పటి చౌక ఫోన్ కూడా దాని కంటే ఎన్నో రెట్లు మెరుగే అనిపిస్తుంది. నిజమే. కానీ ఫోన్ ఆ గేమ్‌ను నేరుగా నడపడం లేదు. పీఎస్‌పీ ప్రాసెసర్ భాషలో రాసిన ప్రతి ఆదేశాన్నీ ఫోన్ ప్రాసెసర్‌కు అర్థమయ్యేలా అప్పటికప్పుడు మార్చుకుంటూ పోవాలి. ఆ పని చేసేదే ఎమ్యులేటర్. హెన్రిక్ రీడ్‌గార్డ్ అనే డెవలపర్ 2012లో మొదలుపెట్టిన పీపీఎస్‌ఎస్‌పీపీ వీటిలో బాగా పేరున్నది. ఓపెన్ సోర్స్ యాప్, ప్లే స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. దీనికి విడిగా బయోస్ ఫైల్ కూడా అక్కర్లేదు.

ముందు స్పీడ్ ఎంతో తెలుసుకోండి..

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే చేయాల్సిన పని ఒకటుంది. గ్రాఫిక్స్ విభాగంలోనే కిందికి వెళ్తే ఎఫ్‌పీఎస్, స్పీడ్ చూపించే ఆప్షన్ ఉంటుంది. రెండూ ఆన్ చేసి గేమ్‌లోకి వెళ్లండి. తెర మూలన అంకెలు కనిపిస్తాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎఫ్‌పీఎస్ 30 అని కనిపించగానే గేమ్ నెమ్మదిగా నడుస్తోందని కంగారుపడతారు. కానీ చాలా పీఎస్‌పీ గేమ్‌లను తయారు చేసిందే సెకనుకు 30 ఫ్రేమ్‌ల కోసం. అసలు మిషన్ మీద ఆడినా అంతే వచ్చేది. కాబట్టి చూడాల్సింది శాతం అంకె. అది 100 దగ్గర నిలకడగా ఉంటే గేమ్ సరైన వేగంతో నడుస్తున్నట్టే. 80కి, 70కి పడిపోతోందంటే ఫోన్ అందుకోలేకపోతోందని అర్థం.

మరి దీనికీ సౌండ్‌కూ సంబంధం ఏంటి? పీఎస్‌పీ గేమ్ సౌండ్ సెకనుకు 44,100 ముక్కలుగా తయారవుతుంది. ఫోన్ స్పీకర్‌కు కూడా ప్రతి సెకనూ ఆ లెక్కకు సరిపడా సరుకు అందుతూ ఉండాలి. ఎమ్యులేటర్ 80 శాతం వేగంతో నడుస్తుంటే ఒక సెకనులో తయారయ్యేది 35,280 ముక్కలే. మిగతా 8,820 ఎక్కడి నుంచి వస్తాయి? రావు. ఆ ఖాళీని యాప్ ఏదోలా పూడ్చుకోవాలి.. సాగదీస్తుంది, లేదా మధ్యలో నిశ్శబ్దం వదిలేస్తుంది. చెవికి వినిపించే చిటపట అదే. బొమ్మలో ఒకటి రెండు ఫ్రేమ్‌లు పోయినా కన్ను సర్దుకుపోతుంది గానీ చెవి అంత తేలిగ్గా వదలదు. అందుకే గ్రాఫిక్స్ బరువెక్కినా ముందు పాడైనట్టు అనిపించేది సౌండే.

బరువంతా రిజల్యూషన్‌దే..

గ్రాఫిక్స్ పేజీలో అందరి చేయీ ముందు వెళ్లేది రెండరింగ్ రిజల్యూషన్ మీదకి. 1ఎక్స్ అంటే అసలు పీఎస్‌పీ బొమ్మ. 480ని 272తో గుణిస్తే 1,30,560 చుక్కలు. 2ఎక్స్ పెడితే చుక్కలు రెట్టింపవుతాయని అనుకుంటారు. కావు, నాలుగింతలవుతాయి. వెడల్పూ పెరుగుతుంది, ఎత్తూ పెరుగుతుంది మరి. 4ఎక్స్ పెడితే ఏకంగా 16 రెట్లు.. దాదాపు 20.9 లక్షల చుక్కలు. అవన్నీ ఫోన్ గ్రాఫిక్స్ చిప్ ప్రతి ఫ్రేమ్‌కూ గీయాలి.

ఇంత గీసినా కనిపిస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. ఫోన్ తెర హెచ్‌డీ ప్లస్ అయితే అడ్డంగా పట్టుకున్నప్పుడు ఎత్తు 720 చుక్కలే. 3ఎక్స్ పెడితే బొమ్మ ఎత్తు 816. అంటే అప్పటికే తెర కంటే ఎక్కువ. ఆ పైన 5ఎక్స్ పెట్టినా కంటికి దొరికేది తక్కువే, ఫోన్ వేడెక్కడం మాత్రం ఖాయం. ఫుల్ హెచ్‌డీ ప్లస్ ఫోన్‌కు 4ఎక్స్ సరిపోతుంది. దాని ఎత్తు 1088, తెర ఎత్తు 1080. చౌక ఫోన్‌లో 2ఎక్స్‌తో మొదలుపెట్టడం మంచిది. అసలు పీఎస్‌పీతో పోలిస్తే అదే ఎంతో శుభ్రంగా ఉంటుంది.

ఈ రిజల్యూషన్‌తోనే చిన్న పరీక్ష చేయొచ్చు. గేమ్‌లో బాగా ఇబ్బంది పెట్టే చోటుకు వెళ్లి రిజల్యూషన్‌ను 1ఎక్స్‌కు దించండి. స్పీడ్ వెంటనే 100కి చేరితే భారం గ్రాఫిక్స్ చిప్ మీద ఉన్నట్టు. అప్పుడు ఒక్కో మెట్టు పెంచుకుంటూ వెళ్లి, 100 దగ్గర నిలకడగా ఉన్న చోట ఆగిపోవాలి. 1ఎక్స్‌లో కూడా స్పీడ్ పెరగకపోతే ఇబ్బంది ప్రాసెసర్‌ది. ఇక రిజల్యూషన్ తగ్గించి ఉపయోగం లేదు, బొమ్మ పాడవడం తప్ప. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్లే గంటల తరబడి సంబంధం లేని సెట్టింగ్‌లు తిప్పుతుంటారు.

వల్కన్ పెట్టాలా, ఓపెన్‌జీఎల్ పెట్టాలా?

గ్రాఫిక్స్ పేజీలో పైన బ్యాకెండ్ అని ఉంటుంది. ఎమ్యులేటర్ ఫోన్ గ్రాఫిక్స్ చిప్‌తో ఏ దారిలో మాట్లాడాలో ఇది చెబుతుంది. కొత్త ఫోన్లలో వల్కన్ సాధారణంగా తేలికగా నడుస్తుంది. ప్రాసెసర్ మీద భారం తక్కువ పడుతుంది. అయితే కొన్ని పాత ఫోన్లలో వల్కన్ డ్రైవర్ సరిగా ఉండదు. రంగులు చెదరడం, గేమ్ ఉన్నట్టుండి మూసుకుపోవడం లాంటివి జరిగితే ఓపెన్‌జీఎల్‌కు మారడమే మందు. మార్చాక యాప్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి ముందు గేమ్ సేవ్ చేసుకోవాలి.

బ్యాకెండ్ మార్చాక మొదటిసారి ఆడేటప్పుడు కొత్త సీన్ వచ్చినప్పుడల్లా చిన్న కుదుపు వస్తే కంగారుపడొద్దు. కొత్త ఎఫెక్ట్ ఎదురైనప్పుడు దానికి కావాల్సిన కోడ్‌ను ఫోన్ అప్పుడే సిద్ధం చేసుకుంటోంది. రెండోసారి అదే చోటుకు వస్తే ఆ కుదుపు చాలావరకు ఉండదు.

మిగతా ఆప్షన్లలో ఫ్రేమ్ స్కిప్పింగ్ ఆఫ్‌లో ఉండటమే బాగుంటుంది. ఫోన్ మరీ పాతదైతే 1 పెట్టి చూడొచ్చు. బొమ్మ కాస్త గెంతుతుంది, సౌండ్ మాత్రం చాలాసార్లు సర్దుకుంటుంది. స్కిప్ బఫర్ ఎఫెక్ట్స్ అనే ఆప్షన్ వేగం బాగా పెంచుతుంది గానీ దానికి మూల్యం ఉంది. నీడలు, మెరుపులు మాయమవుతాయి, కొన్ని గేమ్‌ల్లో తెర నల్లగా అయిపోతుంది. టెక్స్‌చర్ అప్‌స్కేలింగ్ దీనికి సరిగ్గా ఎదురు. గోడలు, ముఖాలు నునుపుగా కనిపిస్తాయి, కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడల్లా గేమ్ ఆగి ఆగి వెళ్తుంది. మధ్యస్థాయి ఫోన్లలో దీన్ని ఆఫ్‌లో ఉంచడమే తెలివైన పని.

తెర నిండా బొమ్మ రావాలని సాగదీసేవాళ్లూ ఎక్కువే. పీఎస్‌పీ తెర దాదాపు 16:9, ఇప్పటి ఫోన్లు 20:9. సాగదీస్తే క్రాటోస్ కాస్తా పొట్టిగా, లావుగా తయారవుతాడు. పక్కన నల్ల పట్టీలు ఉండటమే నయం. పైగా బటన్లు వాటి మీద పడతాయి కాబట్టి బొమ్మకు వేలు అడ్డం రాదు.

333 పెడితే స్పీడ్ పెరుగుతుందా?

వీడియోల్లో తరచూ కనిపించే చిట్కా ఇది. సిస్టమ్ విభాగంలో పీఎస్‌పీ సీపీయూ క్లాక్ అని ఉంటుంది, అక్కడ 333 పెట్టమంటారు. అది ఫోన్ ప్రాసెసర్ వేగం కాదు. గేమ్‌కు కనిపించే ఊహా పీఎస్‌పీ వేగం. దాన్ని పెంచితే ఫోన్ అనుకరించాల్సిన పని కూడా పెరుగుతుంది. బలమైన ఫోన్‌లో, అసలు పీఎస్‌పీ మీదే తడబడిన గేమ్‌కు ఇది మేలు చేయొచ్చు. బలహీనమైన ఫోన్‌లో పెడితే ఉన్న స్పీడ్ కూడా పడిపోతుంది. 2008లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ చెయిన్స్ ఆఫ్ ఒలింపస్ లాంటి గేమ్ అయితే తనంతట తానే 333 వాడుకుంటుంది. దానికి మళ్లీ పెట్టాల్సిన పని లేదు. ఆటోలో వదిలేస్తే చాలు.

ఒక గేమ్‌కు కుదిరిన సెట్టింగ్ ఇంకో గేమ్‌ను పాడుచేస్తుంది. దీనికి యాప్‌లోనే ఏర్పాటు ఉంది. గేమ్ బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే వచ్చే పేజీలో, ఆ గేమ్‌కు మాత్రమే విడిగా సెట్టింగ్స్ తయారు చేసుకునే ఆప్షన్ కనిపిస్తుంది. బరువైన గేమ్‌ల ప్రయోగాలన్నీ అక్కడే చేస్తే మిగతావి మామూలుగానే నడుస్తాయి. మార్చేటప్పుడు కూడా ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఒకేసారి ఐదు మారిస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు.

స్పీడ్ 100 ఉన్నా సౌండ్ బాగోలేదంటే..

అప్పుడు మాత్రమే సౌండ్ వైపు చూడాలి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడుతుంటే ముందు అనుమానించాల్సింది వాటినే. సౌండ్‌ను కుదించి, గాలిలో పంపి, మళ్లీ విప్పేసరికి కొంత ఆలస్యం తప్పదు. సినిమా చూసేటప్పుడు వీడియో ప్లేయర్ ఆ తేడాను సర్దేస్తుంది. గేమ్‌లో అలా కుదరదు, బటన్ నొక్కిన క్షణంలోనే బొమ్మ మారాలి కదా. టెక్కెన్‌లో దెబ్బ పడ్డాక చప్పుడు వినిపిస్తే కారణం ఇదే. వైరు ఇయర్‌ఫోన్ పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఇయర్‌బడ్స్‌లో గేమింగ్ మోడ్ ఉంటే అది ఆన్ చేసినా ఆలస్యం తగ్గుతుంది.

ఇంకోటి వేడి. మొదటి పది నిమిషాలు 100 శాతం చూపించి, తర్వాత 85కి జారితే సెట్టింగ్ తప్పు కాకపోవచ్చు. వేడి పెరిగినప్పుడు ఫోన్ తన ప్రాసెసర్ వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టి ఆడితే చెప్పక్కర్లేదు. ఛార్జర్ తీసి, మందపాటి కవర్ తొలగించి చూడండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నా ఇదే జరుగుతుంది. అందుకే ఏ సెట్టింగ్‌నైనా కనీసం 20 నిమిషాలు ఆడాకే నమ్మాలి. చాలా వీడియోల్లో చూపించేది మొదటి రెండు నిమిషాలే!

ఐఫోన్ వాళ్ల కథ వేరు. ఆపిల్ 2024 ఏప్రిల్‌లో నిబంధనలు సడలించాక, మే నెలలో పీపీఎస్‌ఎస్‌పీపీ యాప్ స్టోర్‌లోకి వచ్చింది. కానీ ఆదేశాలను అప్పటికప్పుడు మెషిన్ కోడ్‌గా మార్చుకునే పద్ధతికి ఆపిల్ అక్కడ అనుమతి ఇవ్వలేదు. దాంతో ప్రాసెసర్ మీద భారం ఎక్కువ పడుతుంది. అయినా ఐఫోన్ చిప్‌లు బలమైనవి కాబట్టి చాలా గేమ్‌లు నడిచిపోతాయి. స్పీడ్ పడిపోతే మాత్రం రిజల్యూషన్ తగ్గించినా పెద్దగా లాభం ఉండకపోవచ్చు.

గోల్డ్ ఏపీకే, 4కె ఫైల్ అంటూ వచ్చేవి వద్దు..

సౌండ్ సమస్యకు పరిష్కారం అంటూ కొన్ని వీడియోల కింద లింకులు ఇస్తుంటారు. గోల్డ్ వెర్షన్ ఫ్రీ ఏపీకే అని, 4కె గ్రాఫిక్స్ ఫైల్ అని. గోల్డ్ అనేది డెవలపర్‌కు మద్దతుగా డబ్బు కట్టి కొనే వెర్షన్. ఉచిత యాప్‌తో పోలిస్తే గేమ్‌ను వేగంగా నడిపేదేమీ అందులో అదనంగా లేదు. కాబట్టి దాన్ని దొంగదారిలో వేసుకుంటే సౌండ్ బాగుపడదు, తెలియని వాళ్ల సాఫ్ట్‌వేర్ మాత్రం ఫోన్‌లోకి వస్తుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చేది కూడా ఆ ఫోన్‌కే. ఇక గేమ్‌ల సంగతికొస్తే, ఎమ్యులేటర్‌తో పాటు కమర్షియల్ గేమ్‌లేవీ రావు. కొన్న డిస్క్ నుంచి కాపీ తీసుకోవడం వేరు, వెబ్‌సైట్లలో పెట్టిన కాపీలు దించుకోవడం వేరు. రెండోది కాపీరైట్ ఉల్లంఘన. ఊరికే సెట్టింగ్స్ పరీక్షించుకోవాలంటే యాప్‌లోనే హోమ్‌బ్రూ విభాగం ఉంది, ఔత్సాహికులు రాసిన చిన్న గేమ్‌లు అక్కడ ఉచితంగా దొరుకుతాయి.

చివరిగా, యాప్ తీసేసి మళ్లీ వేసుకునే విషయం. సెట్టింగ్స్ మొత్తం గందరగోళమైతే సిస్టమ్ విభాగంలో డిఫాల్ట్‌కు తిరిగి తెచ్చే ఆప్షన్ ఉంది. అన్‌ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో యాప్‌ను మొదటిసారి తెరిచినప్పుడు డేటా ఎక్కడ దాచాలో అడుగుతుంది. సొంతంగా ఫోల్డర్ ఎంచుకుంటే యాప్ పోయినా సేవ్‌లు ఉంటాయి. యాప్ ప్రైవేట్ డేటా ఎంచుకుంటే యాప్‌తో పాటే అవీ పోతాయి. ఏది ఎంచుకున్నారో గుర్తులేకపోతే, ముందు పీఎస్‌పీ ఫోల్డర్‌లోని సేవ్‌డేటాను వేరేచోటికి కాపీ చేసి పెట్టుకోండి. సేవ్ స్టేట్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. యాప్ వెర్షన్ మారినప్పుడు అది తెరుచుకోకపోవచ్చు. గేమ్ లోపలి మెనూ నుంచి చేసిన మామూలు సేవ్ అయితే కొత్త వెర్షన్‌లోనూ పనిచేస్తుంది.